ప్రాచీన బాబిలోనియన్ల విజయాలు, వారసత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాబిలోనియన్లు ఎవరు? ఎక్కడివారు, ఏ కాలం వారు?

నేటి ఇరాక్ దేశపు దక్షిణ భాగంలో యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల మధ్య పరుచుకున్న ఒండ్రు మైదానమే ప్రాచీన బాబిలోనియా. దాని రాజధాని బాబిలోన్ శిథిలాలు బాగ్దాదుకు దక్షిణాన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో, హిల్లా పట్టణం పక్కన ఉన్నాయి. తెలుగు బైబిలు చదివేవారికి ఈ నగరం బబులోనుగా పరిచయమే.

ఈ పేరు ఒకే రాజవంశానికి గాని, ఒకే జాతికి గాని చెందినది కాదు. క్రీ.పూ. 1894 ప్రాంతంలో అమోరీలనే తెగకు చెందిన ఒక వంశం ఇక్కడ చిన్న రాజ్యాన్ని నెలకొల్పింది. ఆ వంశంలో ఆరవ రాజైన హమ్మురాబి (క్రీ.పూ. 1792–1750) దాన్ని మెసొపొటేమియాలో అగ్రరాజ్యంగా నిలబెట్టాడు. చరిత్రకారులు ఎక్కువగా వాడే కాలగణన ప్రకారం క్రీ.పూ. 1595లో హిట్టైట్ రాజ్యపు (నేటి టర్కీ ప్రాంతం) రాజు మొదటి ముర్సిలి నగరాన్ని కొల్లగొట్టాడు. ఆ తరవాత కస్సైట్లు నాలుగు శతాబ్దాలకు పైగా ఏలారు. క్రీ.పూ. 689లో అస్సీరియా రాజు సెన్నకెరిబ్ నగరాన్ని నేలమట్టం చేశాడు. క్రీ.పూ. 626లో నబోపొలాసర్ స్వతంత్ర రాజ్యాన్ని మళ్లీ స్థాపించగా, అతని కుమారుడు రెండవ నెబుకద్నెజరు (క్రీ.పూ. 605–562) కాలంలో బాబిలోన్ వైభవం శిఖరానికి చేరింది. క్రీ.పూ. 539లో పర్షియా చక్రవర్తి సైరస్ నగరాన్ని స్వాధీనం చేసుకోవడంతో రాజ్యం ముగిసింది.

అయితే రాజ్యంతో పాటు విద్య ముగిసిపోలేదు. పర్షియన్లు, గ్రీకులు, పార్థియన్లు వరుసగా ఏలుతున్నా దేవాలయాల్లోని లేఖకులు తమ పని తాము చేసుకుంటూ పోయారు. వారి లిపిలో కాలం నిర్ధారించగలిగిన చివరి పలకలు క్రీ.శ. మొదటి శతాబ్దం నాటివి; అవి ఖగోళ శాస్త్రానికి సంబంధించినవి. బాబిలోనియన్ల అసలు గొప్పతనం ఈ కొనసాగింపులో ఉందని నా నమ్మకం.

లిపి, చక్రం వీరే కనిపెట్టారా?

లేదు. మట్టి పలకపై రెల్లు పుల్లతో ఒత్తి రాసే క్యూనిఫాం లిపి క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది చివర, బాబిలోన్ కంటే ఎంతో ముందు, దక్షిణ మెసొపొటేమియాలో పుట్టింది. దాన్ని పెంచి పోషించినవారు సుమేరియన్లు. చక్రం కూడా బాబిలోన్ రాజ్యం కంటే చాలా పాతదే. "బాగ్దాద్ బ్యాటరీ" పేరుతో ప్రచారంలో ఉన్న మట్టి కూజా బాబిలోన్ రాజ్యం ముగిసిన కొన్ని శతాబ్దాల తరవాతిది. అది బ్యాటరీ అనడానికి ఆధారమూ లేదు.

సుమేరియన్ల నుంచి లిపిని అందుకున్న బాబిలోనియన్లు దాన్ని తమ సెమిటిక్ భాష అయిన అక్కాడియన్‌కు అనువుగా వాడుకున్నారు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఈజిప్టు ఫరోలు సైతం ఇతర రాజులతో ఈ భాషలోనే, ఈ లిపిలోనే ఉత్తరప్రత్యుత్తరాలు జరిపారు. ఈజిప్టులోని అమర్నాలో దొరికిన పలకలే అందుకు సాక్ష్యం. ఎవరూ మాట్లాడని భాషగా మారిన తరవాత కూడా సుమేరియన్‌ను బాబిలోన్ పాఠశాలలు పదిహేను వందల ఏళ్లకు పైగా నేర్పుతూ వచ్చాయి. ఆ శ్రద్ధే లేకపోతే సుమేరియన్ల గురించి మనకు తెలిసింది చాలా తక్కువగా ఉండేది.

హమ్మురాబి శాసనమే ప్రపంచంలో మొదటి చట్టమా?

కాదు. ఉర్-నమ్ము పేరుతో ఉన్న సుమేరియన్ చట్టాలు దానికంటే సుమారు మూడు శతాబ్దాలు పాతవి. కానీ హమ్మురాబి శాసనం దాదాపు పూర్తిగా మిగిలింది, విస్తారమైనది, భాష చక్కగా తీర్చిదిద్దినది. సుమారు 2.25 మీటర్ల ఎత్తున్న ఈ నల్లరాతి స్తంభాన్ని క్రీ.పూ. 12వ శతాబ్దంలో ఎలాం (నేటి నైరుతి ఇరాన్) రాజు యుద్ధంలో గెలిచిన సొత్తుగా సూసా నగరానికి తరలించాడు. 1901–1902లో ఫ్రెంచి తవ్వకందార్లు దాన్ని అక్కడే వెలికితీశారు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. శాసనాన్ని 282 నియమాలుగా విభజించి సంఖ్యలిచ్చింది ఆధునిక పండితుడు జాన్-విన్సెంట్ షైల్. రాతి మీద ఆ సంఖ్యలు లేవు.

"కంటికి కన్ను" అన్న నియమం అందరికీ ఒకేలా వర్తించేదా?

వర్తించేది కాదు. స్వేచ్ఛగల ఉన్నత వర్గపు మనిషి తనతో సమానుడి కన్ను పోగొడితే అతని కన్ను పోగొట్టాలి. సామాన్యుడి కన్ను పోగొడితే ఒక మినా (సుమారు అర కిలో) వెండి చెల్లిస్తే చాలు. బానిస కన్ను పోతే అతని ధరలో సగం అతని యజమానికి ముట్టేది. ఇల్లు కూలి యజమాని చనిపోతే మేస్త్రీకి మరణశిక్ష. యజమాని కొడుకు చనిపోతే మేస్త్రీ కొడుకుకు మరణశిక్ష. తండ్రి తప్పుకు కొడుకును చంపడాన్ని ఏ కాలపు పరిస్థితులతోనైనా సమర్థించడం నాకు సాధ్యం కాదు. అంతకంటే పాతదైన ఉర్-నమ్ము చట్టం శరీర గాయాలకు వెండి జరిమానాతో సరిపెట్టిందన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది.

అదే శాసనంలో 48వ నియమం చూడండి. తుపాను వల్లనో, నీరు లేకనో పంట పోతే, అప్పున్న రైతు ఆ ఏడాది ధాన్యం తిరిగి ఇవ్వనక్కరలేదు, తన ఒప్పంద పలకను తడిపి సవరించుకోవచ్చు, ఆ ఏటి వడ్డీ కట్టనక్కరలేదు. కాలువ గట్టును నిర్లక్ష్యం చేసి పొరుగు పొలాన్ని ముంచినవాడు ఆ నష్టానికి ధాన్యం ఇచ్చుకోవాలని మరో నియమం చెబుతుంది. అప్పు కింద కుటుంబ సభ్యులను పనికి అప్పగిస్తే మూడేళ్లు దాటి ఉంచుకోకూడదని ఇంకొకటి. కాలువల మీద బతికే వ్యవసాయ సమాజపు కష్టాలు తెలిసినవారే రాయగల నియమాలివి.

ఆ నియమాలను న్యాయస్థానాలు నిజంగా పాటించాయా?

ఆ కాలపు కోర్టు తీర్పులు, ఒప్పందాలు వేల సంఖ్యలో దొరికాయి. వాటిలో న్యాయమూర్తులు ఈ శాసనాన్ని పేర్కొని తీర్పు చెప్పినట్టు కనిపించదు. అందువల్ల ఇది నేటి అర్థంలో శిక్షాస్మృతి కాదని, రాజు తాను న్యాయపాలకుడినని దేవతలకూ భావి తరాలకూ చాటుకున్న ప్రకటన అని, అందులోని ఉదాహరణలు న్యాయమూర్తులకు మార్గదర్శకాలని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు.

నిజంగా అమలైనవి ఋణమాఫీ ఉత్తర్వులు. హమ్మురాబి వంశపు రాజులు పట్టాభిషేక సమయంలోనూ, ఇతర సందర్భాల్లోనూ "మీషరుమ్" అనే ఉత్తర్వుల ద్వారా పన్ను బకాయిలను, పేదల అప్పులను రద్దు చేసేవారు. హమ్మురాబికి నాలుగు తరాల తరవాతి రాజైన అమ్మిసదుక జారీ చేసిన ఉత్తర్వు పాఠం మనకు దొరికింది. వర్తకులు పెట్టుబడిగా ఇచ్చుకున్న అప్పులకు అందులో మినహాయింపు ఉంది. బతుకు అవసరాల కోసం చేసిన అప్పులకే మాఫీ. వెండి అప్పుకు 20 శాతం, బార్లీ అప్పుకు మూడో వంతు వడ్డీ మామూలుగా ఉన్న రోజుల్లో ఇలాంటి ఉత్తర్వు ఎన్ని కుటుంబాలను దాస్యం నుంచి విడిపించి ఉంటుందో ఊహించవచ్చు.

గంటకు 60 నిమిషాలు వీరి నుంచే వచ్చాయా?

వచ్చాయి, కానీ నేరుగా కాదు. సుమేరియన్ల నుంచి అందుకున్న అరవై ఆధారపు లెక్కను బాబిలోనియన్లు స్థాన విలువ పద్ధతిగా వాడారు. అరవైని 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30 సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయి కాబట్టి భిన్నాలతో లెక్క చేసేవారికి అది ఎంతో అనువైనది. వృత్తాన్ని 360 భాగాలు చేయడం, భాగాన్ని మళ్లీ అరవైతో విభజించడం గ్రీకు ఖగోళవేత్తలు వీరి నుంచి నేర్చుకున్నారు. క్రీ.శ. రెండో శతాబ్దపు ఖగోళవేత్త టాలెమీ రచనల ద్వారా అది అరబ్బులకు, ఐరోపాకు చేరి, చివరికి గడియారం మీదికి ఎక్కింది. రోజుకు 24 గంటలన్న విభజన మాత్రం ఈజిప్టుది. బాబిలోన్‌లో రోజుకు 12 "బేరు"లు. ఒక బేరు మన రెండు గంటలకు సమానం.

గణితంలో వారు ఎంత దూరం వెళ్లారు?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో అరచేతిలో ఇమిడే గుండ్రని మట్టి పలక ఒకటి ఉంది. దాని మీద ఒక చతురస్రం, దాని కర్ణాలు గీసి ఉన్నాయి. భుజం 30 అని రాసి, కర్ణం దగ్గర అరవై ఆధారంలో 1. 24, 51, 10 అన్న సంఖ్య వేశారు. దశాంశాల్లోకి మారిస్తే అది 1.41421296, అంటే రెండు వర్గమూలం విలువకు ఐదు దశాంశ స్థానాల వరకు సరిపోతుంది. చేతిరాతను, ఆకారాన్ని బట్టి ఇది సుమారు 3,700 ఏళ్ల కిందట ఒక విద్యార్థి చేసిన అభ్యాసమని చెబుతారు.

కొలంబియా విశ్వవిద్యాలయంలోని ప్లింప్టన్ 322 అనే పలక ఇంకా ప్రసిద్ధం. క్రీ.పూ. 1800 ప్రాంతపు ఈ పలకలో 15 వరుసల సంఖ్యలు ఉన్నాయి; అవన్నీ లంబకోణ త్రిభుజ భుజాలకు చెందినవి. ఒక వరుసలో 12,709, 18,541 సంఖ్యలు కనిపిస్తాయి. రెండోదాని వర్గం నుంచి మొదటిదాని వర్గాన్ని తీసివేస్తే 13,500 వర్గం కచ్చితంగా మిగులుతుంది. ఇలాంటి సంఖ్యలు గుడ్డిగా వెతికితే దొరకవు. పైథాగరస్ పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే ఈ సంబంధం బాబిలోన్ పాఠశాలల్లో తెలుసు. గ్రీకులు రాసిన తరహా నిరూపణలు మాత్రం ఈ పలకల్లో లేవు. అక్కడ ఉన్నది సమస్య, దాన్ని సాధించే క్రమం, జవాబు. ఇప్పుడు మన పదో తరగతి పిల్లలు చేసే వర్గ సమీకరణాలను వారు పొలం వైశాల్యం, కాలువ తవ్వకం లెక్కల రూపంలో సాధించేవారు.

సున్నా వీరిదేనా?

చాలా కాలం ఖాళీ స్థానాన్ని వదిలేసి సందర్భాన్ని బట్టి అర్థం చేసుకునేవారు. తరవాతి శతాబ్దాల్లో, ముఖ్యంగా అలెగ్జాండర్ అనంతర కాలంలో, ఆ ఖాళీని చూపడానికి ఏటవాలు గుర్తును వాడారు. దాన్ని ఒక సంఖ్యగా భావించి కూడికలు, తీసివేతలు చేయలేదు. సున్నాను సంఖ్యగా తీసుకుని దాని గణిత నియమాలను చెప్పింది క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు. ఎవరి ఘనత వారికి ఇవ్వడమే న్యాయం.

ఖగోళశాస్త్రంలో వీరి ప్రత్యేకత ఏమిటి?

బాబిలోనియన్ల విజయాల్లో ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను ఖగోళ దినచర్య పలకలను ఎంచుకుంటాను. ఇప్పుడు దొరికినవాటిలో మొదటిది క్రీ.పూ. 652 నాటిది, చివరివి క్రీ.పూ. 61 ప్రాంతానివి. దాదాపు ఆరు వందల ఏళ్ల పాటు బాబిలోన్ లేఖకులు రాత్రి తరవాత రాత్రి ఆకాశాన్ని పరిశీలించి, చూసింది చూసినట్టు రాశారు. చంద్రుడు ఏ నక్షత్రం పక్కన ఉన్నాడో, గ్రహాలు ఎప్పుడు కనిపించి ఎప్పుడు మాయమయ్యాయో, మబ్బులు కమ్మి ఏమీ కనబడకపోతే ఆ సంగతీ నమోదు చేశారు. నెల చివర ఒక షెకెల్ (సుమారు 8 గ్రాములు) వెండికి బార్లీ, ఖర్జూరం, నువ్వులు, ఉన్ని ఎంతెంత వస్తున్నాయో, యూఫ్రటీస్ నీటిమట్టం ఎంత ఉందో, దేశంలో ఏం జరిగిందో చేర్చారు. మానవ చరిత్రలో ఇంత దీర్ఘకాలం ఒకే పద్ధతిలో సాగిన శాస్త్రీయ నమోదు అరుదు.

క్రీ.పూ. 323 జూన్ 11న అలెగ్జాండర్ బాబిలోన్‌లోనే మరణించాడు. ఆ నాటి పలకలో "రాజు మరణించాడు" అని, ఆకాశం మబ్బుగా ఉందని రాసి ఉంది. క్రీ.పూ. 164లో కనిపించిన హేలీ తోకచుక్క వివరాలు కూడా ఈ పలకల్లో ఉన్నాయి; దాని కక్ష్యను వెనక్కి లెక్కించే ఆధునిక ఖగోళవేత్తలకు అవి పనికొచ్చాయి.

ఈ శ్రమకు మూలం శకునశాస్త్రమే. ఆకాశంలో జరిగేది రాజుకు, దేశానికి దేవతలు పంపే సందేశమని వారు నమ్మారు. ఆ నమ్మకంతో మొదలైన పరిశీలన క్రమంగా గణితంగా మారింది. సగటు చాంద్రమాసం నిడివిని వారు సుమారు 29.530594 రోజులుగా కట్టారు. నేటి విలువకూ దానికీ తేడా అర సెకను మాత్రమే. గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ ఈ విలువనే వాడాడు. యూదుల పంచాంగం నేటికీ దాన్నే వాడుతోంది. 2016లో మాతియూ ఒసెన్‌డ్రైవర్ అనే పరిశోధకుడు మరో అద్భుతాన్ని వెల్లడించాడు. క్రీ.పూ. 350–50 మధ్య రాసిన కొన్ని పలకల్లో గురుగ్రహం రోజువారీ వేగాన్ని కాలంతో జతచేసి, అలా ఏర్పడే సమలంబ చతుర్భుజ వైశాల్యం ద్వారా అది ఆకాశంలో కదిలిన దూరాన్ని కట్టారు. ఐరోపాలో ఈ ఆలోచన క్రీ.శ. 14వ శతాబ్దంలో గాని రాలేదు.

గ్రహణాలను ముందుగా ఎలా చెప్పగలిగారు?

నమోదుల బలంతోనే. 223 చాంద్రమాసాలకు, అంటే 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలకు ఒకసారి, సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు అదే అమరికలోకి వస్తాయని పాత జాబితాలు చూసి వారు గుర్తించారు. చంద్రగ్రహణం విషయంలో ఈ చక్రం బాగా పనిచేస్తుంది. సూర్యగ్రహణం ఎప్పుడు సాధ్యమో చెప్పగలిగినా, అది తమ ఊరిలో కనిపిస్తుందో లేదో వారు నమ్మకంగా చెప్పలేకపోయారు. ఎందుకంటే ఆ చివరి 8 గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది. బాబిలోన్‌లో క్రీ.పూ. 721లో చూసిన చంద్రగ్రహణాన్ని టాలెమీ తన లెక్కలకు ఆధారంగా తీసుకున్నాడంటే ఆ నమోదుల విశ్వసనీయత ఎలాంటిదో తెలుస్తుంది.

మన పంచాంగానికి, రాశులకు బాబిలోన్‌తో సంబంధం ఉందా?

ఉంది, అది ఎంతవరకో జాగ్రత్తగా చెప్పుకోవాలి. సూర్యమార్గాన్ని ఒక్కొక్కటి 30 డిగ్రీల చొప్పున పన్నెండు సమాన రాశులుగా విభజించింది క్రీ.పూ. ఐదో శతాబ్దంలో బాబిలోనియన్లే. వృషభం, మిథునం, కర్కాటకం, సింహం, తుల, వృశ్చికం వారి ఆకాశంలోనూ ఉన్నాయి. మకర రాశి స్థానంలో వారికి మేక తల, చేప తోక గల జీవి ఉండేది. ఈ పద్ధతి గ్రీకుల ద్వారా క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో భారతదేశానికి చేరింది. 27 నక్షత్రాల పద్ధతి అంతకు ముందు నుంచీ మనకున్నది, వైదిక సాహిత్యంలో కనిపించేది.

గణన పద్ధతుల్లో బంధం ఇంకా గాఢమైనది. క్రీ.శ. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు సంకలనం చేసిన సిద్ధాంతాల్లో, 248 రోజుల చంద్రగతి చక్రం వంటి బాబిలోన్ తరహా పద్ధతులు ఉన్నాయి. దక్షిణ భారతంలో వాక్య పద్ధతిని (అంకెలను కంఠస్థం చేసే వాక్యాలుగా కూర్చిన గణన పద్ధతి) అనుసరించేవారు ఆ చక్రాన్ని ఆధునిక కాలం దాకా వాడారు. 1825లో మద్రాసులో ప్రచురించిన గ్రంథంలో జాన్ వారన్, పుదుచ్చేరి ప్రాంతపు తమిళ గణకుడొకరు గవ్వలను నేల మీద పేర్చుకుంటూ, కంఠస్థం చేసిన పట్టికల సాయంతో చంద్రగ్రహణ సమయాన్ని లెక్కగట్టిన తీరును వివరించాడు. క్యూనిఫాం పలకల గణితాన్ని జీవితమంతా అధ్యయనం చేసిన ఆటో న్యూగెబౌవర్ ఆ లెక్కలో బాబిలోన్ నుంచి తెగకుండా వచ్చిన సంప్రదాయాన్ని చూశాడు.

అధిక మాసం సంగతి: 19 ఏళ్లలో 7 అధిక మాసాలన్న చక్రాన్ని వారు క్రీ.పూ. ఐదో శతాబ్దంలో స్థిరపరిచారు. మన తెలుగు పంచాంగంలో సంక్రాంతి లేని చాంద్రమాసమే అధిక మాసం కాబట్టి నియమం వేరు. సగటు లెక్క మాత్రం దాదాపు అదే.

ఏడు రోజుల వారం కూడా వీరిదేనా?

ఈ రూపంలో కాదు. నెలలో 7, 14, 21, 28 తేదీలను వారు అశుభ దినాలుగా చూసిన మాట నిజమే గాని, ఆ వరుస ప్రతి నెలా మళ్లీ మొదలయ్యేది. గ్రహాల పేర్లతో ఎడతెగకుండా సాగే వారం గ్రీకు-రోమన్ కాలంలో ఏర్పడింది.

వైద్యం ఎలా ఉండేది?

క్రీ.పూ. 11వ శతాబ్దంలో ఎసాగిల్-కిన్-అప్లి అనే పండితుడు 40 పలకల రోగనిర్ధారణ గ్రంథాన్ని క్రమబద్ధం చేశాడు. అందులో లక్షణాలను తల నుంచి పాదాల దాకా వరుసగా చెబుతూ, రోగి కోలుకుంటాడా లేదా అన్నది రాశారు. మూర్ఛ వ్యాధి వర్ణన చాలా వివరంగా ఉంటుంది. కారణం దేవతల చేయి, దెయ్యం చేయి అని చెప్పినా, లక్షణాల పరిశీలన నిశితమైనది.

సామాన్య ప్రజల జీవితం గురించి ఏమైనా తెలుసా?

ఎంతో తెలుసు. కాగితం, తాటాకు చెదలకు, మంటకు పోతాయి; మట్టి పలక మంటల్లో కాలితే ఇంకా గట్టిపడుతుంది. అందువల్ల ఉత్తరాలు, రసీదులు, పెళ్లి ఒప్పందాలు, దత్తత పత్రాలు లక్షల సంఖ్యలో మిగిలాయి. ఉర్ నగరంలో దొరికిన, క్రీ.పూ. 1750 ప్రాంతపు పలకలో నన్ని అనే కొనుగోలుదారుడు ఎయా-నాసిర్ అనే వర్తకుడిని నిలదీస్తాడు: మంచి రాగి ఇస్తానని చెప్పి నాసిరకం చూపావు, నా మనిషిని అవమానించి పంపావు అని. తరవాతి కాలంలో ఎగిబి అనే వర్తక కుటుంబం ఐదు తరాల పాటు భూములు, ఇళ్లు, భాగస్వామ్య వ్యాపారాలు నడిపింది. ఆ కుటుంబపు పత్రాలే వెయ్యికి పైగా ఉన్నాయి. సిప్పర్ నగరంలో నదీతు అనే దేవాలయ స్త్రీలు స్వయంగా భూములు కొని, అమ్మి, అప్పులిచ్చిన దాఖలాలు ఉన్నాయి.

సాహిత్యంలో వారి వాటా ఎంత?

మృత్యువును జయించాలని బయలుదేరి విఫలుడైన గిల్గమేష్ రాజు కథకు మూలం సుమేరియన్ పాటలు. వాటిని ఒకే మహాకావ్యంగా మలిచింది బాబిలోన్ కవులు. సిన్-లేకి-ఉన్నిన్ని అనే పండితుడి పేరుతో సంప్రదాయం ముడిపెట్టిన పాఠం 12 పలకల్లో ఉంది. 1872లో జార్జ్ స్మిత్ ఆ కావ్యంలోని జలప్రళయ ఘట్టాన్ని బ్రిటిష్ మ్యూజియంలో చదివి వెల్లడించినప్పుడు, బైబిలులోని నోవహు కథతో దాని పోలిక చూసి లోకం ఆశ్చర్యపోయింది.

వేలాడే తోటలు నిజంగా ఉన్నాయా?

నెబుకద్నెజరు తన కట్టడాల గురించి ఎన్నో శాసనాలు వేయించాడు. గోడలు, దేవాలయాలు, ఇటుకలు, దేవదారు దూలాలు అన్నీ వాటిలో ఉన్నాయి. తోటల మాటే లేదు. వాటి వర్ణనలన్నీ తరవాతి కాలపు గ్రీకు, లాటిన్ రచనల ద్వారా వచ్చినవే. ఆ తోటలు అస్సీరియా రాజధాని నినెవెలో సెన్నకెరిబ్ నిర్మించినవని పరిశోధకురాలు స్టెఫనీ డాలీ వాదించారు. బాబిలోన్‌లో అవి ఉన్నాయనడానికి ఇప్పటి దాకా గట్టి ఆధారం లేదు.

ఇష్తార్ ద్వారం మాత్రం నిస్సందేహంగా ఉంది. రాబర్ట్ కోల్డెవే నాయకత్వంలో 1899–1917 మధ్య జర్మన్లు దాన్ని తవ్వారు. నీలి మెరుపు ఇటుకల మీద ఎద్దులు, మర్దుక్ దేవుని సర్పమృగం, ఊరేగింపు దారి గోడల మీద సింహాలు ఉన్నాయి. బాబేలు గోపుర కథకు ప్రేరణగా భావించే ఎతెమెనంకి ఆలయ శిఖరానికి ఒక్కో వైపు సుమారు 91 మీటర్ల పునాది ఉండేది. పునర్నిర్మించాలని అలెగ్జాండర్ శిథిలాలు తొలగింపజేశాడు గాని, అతని మరణంతో పని ఆగిపోయింది.

బైబిలులోని యూదుల చెరకు బాబిలోన్ పలకల్లో సాక్ష్యం ఉందా?

ఉంది. క్రీ.పూ. 597లో యెరూషలేము పట్టుబడిన సంగతిని బాబిలోన్ వృత్తాంత పలక నమోదు చేసింది. చెరలోకి తీసుకుపోయిన రాజు యెహోయాకీనుకు, అతని ఐదుగురు కుమారులకు నెబుకద్నెజరు భాండాగారం నుంచి ఇచ్చిన నూనె లెక్క కూడా దొరికింది. నిసాను, తమ్మూజు వంటి యూదుల నెలల పేర్లు ఆ చెరకాలం నుంచి వచ్చినవే.

ఈ లిపిని మళ్లీ ఎలా చదవగలిగారు?

ఇరాన్‌లోని బిహిస్తూన్ కొండపై దరియస్ చక్రవర్తి వేయించిన మూడు భాషల శాసనం ప్రధాన ఆధారమైంది. 1857లో కొత్తగా దొరికిన ఒక శాసనాన్ని లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఏర్పాటు ప్రకారం రాలిన్‌సన్, హింక్స్, టాల్బట్, ఒపెర్ట్ అనే నలుగురు పండితులు విడివిడిగా అనువదించి మూసిన కవర్లలో పంపారు. నాలుగూ ముఖ్యాంశాల్లో సరిపోలడంతో లిపి చదవడం సాధ్యమైందని లోకం ఒప్పుకుంది.

ఈనాడు బాబిలోన్ స్థితి ఏమిటి?

బాధ కలిగించే స్థితి. శతాబ్దాల పాటు చుట్టుపక్కల వారు ఇటుకలు తవ్వుకుపోయారు. 1980ల్లో సద్దాం హుస్సేన్ పాత పునాదుల మీద కొత్త గోడలు కట్టించి, ఇటుకల మీద తన పేరు వేయించాడు. 2003 తరవాత విదేశీ సైన్యాలు అక్కడే స్థావరం పెట్టి, కందకాలు తవ్వి, వాహనాలు నడిపి మరింత నష్టం కలిగించాయి. పైకి వస్తున్న భూగర్భ జలం, ఉప్పు ఇటుకలను తినేస్తున్నాయి. 2019లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇష్తార్ ద్వారం పునర్నిర్మాణం బెర్లిన్‌లోని పెర్గమాన్ మ్యూజియంలో ఉంది. మరమ్మతుల కోసం 2023 అక్టోబరులో ఆ మ్యూజియాన్ని మూసివేశారు. ఖగోళ దినచర్యలు అత్యధిక భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రపంచంలోని సంగ్రహాలయాల్లో ఇంకా ఎవరూ చదవని పలకలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని చదవగల నిపుణులు మాత్రం కొద్దిమందే.